పెంపకానికీ దత్తతకూ మధ్య

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసులో 2020 మార్చిలో తీర్పు వచ్చింది. కన్నవాళ్ళు పోయిన ఒక పసిపిల్లను బంధువులైన దంపతులు తెచ్చుకుని పెంచారు. బడి కాగితాల్లోనూ కాలేజీ కాగితాల్లోనూ తల్లిదండ్రులుగా వాళ్ళ పేర్లే ఉన్నాయి. పెంచిన తండ్రి పోయాక ఆస్తి మాట వచ్చింది. నేను వాళ్ళ కూతుర్ని అంటూ ఆమె కోర్టుకెక్కింది. పెంచిన మాట నిజమే గాని దత్తు తీసుకోలేదని పెంచిన తల్లి చెప్పింది. కోర్టు ముఖ్యంగా రెండు విషయాలు చూసింది. బిడ్డను ఒకరు ఇవ్వడం, మరొకరు పుచ్చుకోవడం జరిగిందా? అందుకు భార్య ఒప్పుకుందా? రెండింటికీ రుజువు దొరకలేదు. ఆమె ఓడిపోయింది.

ఈ కేసు గురించి చదివినప్పటి నుంచి ఒక తెలుగు మాట నన్ను వదలడం లేదు. పిల్లలు లేని వాళ్ళ గురించి మనం 'ఎవరినైనా పెంచుకోకూడదూ' అంటాం. 'వాళ్ళకు పుట్టలేదు, పెంచుకున్నారు' అంటాం. మన వాడుకలో పెంచుకోవడమే దత్తత. చట్టం దృష్టిలో మాత్రం పెంచుకోవడం ఎన్నేళ్ళు సాగినా దత్తత కాదు. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న సందులో పడి ఎందరో పిల్లలు నష్టపోయారు. దత్తత ప్రక్రియ అనగానే మనకు ఫారాలు, ఫీజులు, క్యూ గుర్తొస్తాయి. ఆ సందును పూడ్చడానికి ఆ ఫారాలు ఎలా పుట్టుకొచ్చాయో తెలిస్తే వాటి మీద ఉన్న విసుగు కొంత తగ్గుతుందని నా నమ్మకం.

మొదట దత్తత పిల్లల కోసం కాదు, వంశం కోసం. పిండం పెట్టేవాడు, ఇంటిపేరు నిలిపేవాడు, ఆస్తి చూసేవాడు కావాలి. అందుకే ఆచారం కొడుకునే గుర్తించింది. ఆడపిల్లను దత్తు తీసుకోవడం కొన్ని కులాల ఆచారాల్లో తప్ప లేదు. ఝాన్సీలో దత్తపుత్రుణ్ణి కాదని 1854లో బ్రిటిష్ వాళ్ళు రాజ్యాన్నే కలిపేసుకున్నారంటే, దత్తత ఎంతగా వారసత్వం లెక్కో తెలుస్తుంది. ఒక్కగానొక్క కొడుకును దత్తు ఇవ్వరాదని వసిష్ఠ ధర్మసూత్రం చెబుతుంది. కన్న తండ్రికే పిండం పెట్టేవాడు లేకుండా పోతాడని ఆ భయం. ఆ నియమాన్ని దాటి చేసిన దత్తత చెల్లుతుందా అన్న ప్రశ్న మన తెలుగు నేల మీది బలుసు వారి తగాదాలో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ఆ నియమం హితవే గాని, దాటితే దత్తత రద్దయ్యేంత శాసనం కాదని 1899లో తీర్పు వచ్చింది. శాస్త్రాల అర్థం గురించి అంత పెద్ద చర్చ నడిచింది కదా, అందులో ఆ పిల్లవాడికి ఏది మంచిది అన్నది విచారణలో అంశమే కాదు.

దీనికి పక్కనే మనదైన ఇంకో దారి ఉండేది. రెడ్ల, కమ్మవారి కుటుంబాల్లో మగపిల్లలు లేకపోతే అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చే ఇల్లటం. మద్రాసు హైకోర్టు తీర్పుల్లోకి ఈ మాట తెలుగు మాటగానే ఎక్కింది. ఇల్లటపు అల్లుడికి ఇక్కడ వాటా వచ్చినా పుట్టింటి హక్కు పోదు. అందుకే అది దత్తత కాదని కోర్టులు తేల్చాయి. అవసరాన్ని బట్టి బంధుత్వాన్ని కల్పించుకోవడం మనకు ఎప్పటి నుంచో తెలుసు. కాని అవసరం ఎప్పుడూ పెద్దవాళ్ళదే.

1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఈ పాత ఇంటికి కొత్త కిటికీలు పెట్టింది. ఆడపిల్లనూ దత్తు తీసుకోవచ్చంది. ఒంటరి స్త్రీ తన పేరునే తీసుకోవచ్చంది. వివాహితకు పూర్తి సమాన హక్కు రావడానికి మాత్రం 2010 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఈ చట్టం కింద బిడ్డకు పదిహేనేళ్ళు నిండకూడదు, పెళ్ళి కాకూడదు. ఆచారం ఒప్పుకుంటే ఈ రెండింటికీ మినహాయింపు ఉంది. కొడుకు గాని మనవడు గాని ఉన్నవాళ్ళు మగపిల్లవాణ్ణి, కూతురున్నవాళ్ళు ఆడపిల్లను తీసుకోకూడదు. మగవాడు ఆడపిల్లను, స్త్రీ మగపిల్లవాణ్ణి తీసుకుంటే ఇద్దరి మధ్య కనీసం ఇరవై ఒక్క ఏళ్ళ తేడా ఉండాలి. దత్త హోమం తప్పనిసరి కాదు. తప్పనిసరి అయినది ఇవ్వడం, పుచ్చుకోవడం. కన్నవాళ్ళ ఒళ్ళోంచి పెంచేవాళ్ళ ఒళ్ళోకి బిడ్డ మారే ఆ ఒక్క క్షణం మీద చట్టం మొత్తం నిలబడింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ సంతకాలు పెట్టిన దత్తత పత్రం రిజిస్టరైతే, ఎవరైనా కాదని రుజువు చేసేదాకా దత్తత జరిగినట్టే కోర్టు భావిస్తుంది. మొదట చెప్పిన కేసులో ఆ అమ్మాయి చేతిలో లేనిది సరిగ్గా ఆ కాగితమే.

మన ఇళ్ళలో ఇప్పటికీ ఎక్కువ దత్తతలు ఈ చట్టం కిందే జరుగుతాయి. అన్న పిల్లవాణ్ణి తమ్ముడు, చెల్లెలి కూతుర్ని అక్క తెచ్చుకుంటారు. 'నీకు ముగ్గురున్నారుగా, ఒకర్ని మాకివ్వు వదినా' అన్న మాట నవ్వుతూ మొదలై, ఒక్కోసారి నిజంగానే పసిబిడ్డ ఇల్లు మారుతుంది. కాగితం మాట ఎత్తితే 'మనవాళ్ళ దగ్గర కాగితాలేమిటి' అంటారు. మనవాళ్ళ దగ్గరే కాగితం కావాలని చెప్పాలనిపిస్తుంది నాకు. ఎందుకంటే పరాయివాళ్ళ మధ్య కంటే అన్నదమ్ముల మధ్యే ఈ తగాదాలు వస్తాయి. ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. చెల్లుబాటుగా జరిగిన దత్తతను తర్వాత రద్దు చేసుకోవడానికి లేదు. తెచ్చుకున్న నాలుగేళ్ళకు సొంత బిడ్డ పుట్టాడని రద్దు పత్రం రాసుకుంటే ఆ పత్రానికి విలువ ఉండదు. దత్తతతో పుట్టింటి బంధం చట్టరీత్యా తెగిపోతుంది. అయితే అప్పటికే బిడ్డ పేరున ఉన్న ఆస్తి బిడ్డదే. పుట్టింటి వరస ప్రకారం పెళ్ళి కూడని వాళ్ళు ఆ తర్వాతా పెళ్ళి కూడని వాళ్ళే.

భర్త పోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి తన బిడ్డను రెండో భర్తకు దత్తు ఇవ్వవచ్చా అన్నదీ మన ప్రాంతపు కేసులోనే తేలింది. బిడ్డకు మొదటి భర్త ఇంటిపేరే ఉంచాలని అత్తమామలు పట్టుబట్టారు. బిడ్డకు ఇక మిగిలిన సహజ సంరక్షకురాలు తల్లే, ఇంటిపేరు నిర్ణయించే హక్కూ దత్తు ఇచ్చే హక్కూ ఆమెవే అని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. మారుటి తండ్రులతో పెరిగే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఆ తీర్పు తెలుసుకోవాలి.

ఇదంతా ఇచ్చేవాళ్ళు ఎదురుగా ఉన్న దత్తత. ఇచ్చేవాళ్ళే లేని పిల్లల సంగతి ఏమిటి? పైగా 1956 చట్టం హిందువులకు, బౌద్ధ, జైన, సిక్కులకు మాత్రమే. ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు 1890 నాటి గార్డియన్ చట్టం కింద సంరక్షకులు కాగలిగేవాళ్ళు గాని తల్లిదండ్రులు కాలేకపోయేవాళ్ళు. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండగానే ఆ బంధం చట్టరీత్యా ముగిసేది. బాలల న్యాయ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరించాక ఈ గోడ కూలింది. మతంతో పనిలేకుండా ఎవరైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని షబ్నమ్ హాష్మీ కేసులో 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం, దాని 2021 సవరణ, 2022 నిబంధనలు.

ఆ నిబంధనల్లోని కట్టుదిట్టం ఊరికే రాలేదు. అందులో ఒక భాగం మన తండాల నుంచి వచ్చింది. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది విదేశాలకు పోతున్న పిల్లల గురించి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. దానిమీద జస్టిస్ భగవతి 1984లో ఇచ్చిన తీర్పే విదేశీ దత్తతకు మొదటి నియమావళి. 1990లో కేంద్ర దత్తత సంస్థ, అందరూ కారా అనేది, ఏర్పడింది. అయినా 1999 నుంచి 2001 దాకా హైదరాబాదు చుట్టూ బయటపడ్డది చూస్తే కాగితాలు ఎంత సులభంగా తయారవుతాయో అర్థమవుతుంది. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడీ తండాల్లో ఆడపిల్ల పుట్టిన ఇంటికి దళారులు చేరేవాళ్ళు. కరువు ఒక పక్క. ఒకప్పుడు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్న సమాజంలోకి వరకట్నం వచ్చి కూర్చోవడం ఇంకో పక్క. తల్లి చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి వేలిముద్ర వేయించుకున్న కాగితమే 'స్వచ్ఛందంగా వదులుకున్నట్టు' పత్రం అయ్యేది. సముద్రం అవతల అదే బిడ్డకు వేల డాలర్లు చేతులు మారేవి. అరెస్టులు జరిగాయి, విదేశీ దత్తతలు ఆగాయి. పేదరికం కారణంగా బిడ్డను వదులుకోవడాన్ని ఒప్పుకోకూడదని 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ పిల్లలను తీసుకున్నవాళ్ళలో చాలామంది మంచి మనసుతోనే వచ్చి ఉంటారు. అయినా తండాలో ఒక తల్లికి తను దేనిమీద వేలిముద్ర వేసిందో తెలియదు. బిడ్డను తీసుకునేవాళ్ళ మంచితనం ఆ తల్లికి న్యాయం చేయలేదు. నాకు ఈ వ్యాసం మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే.

అందుకే ఇప్పుడు ప్రక్రియ తల్లిదండ్రుల దగ్గర కాదు, బిడ్డ దగ్గర మొదలవుతుంది. ఊయలలోనో చెట్టు కిందో దొరికిన బిడ్డను ఇరవై నాలుగు గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తేవాలి. పోలీసులు కన్నవాళ్ళ కోసం వెతకాలి, పత్రికల్లో ఫొటో వేయాలి. ఎవరూ రాకపోతే, రెండేళ్ళలోపు బిడ్డను రెండు నెలల్లో, ఆ పైబడిన బిడ్డను నాలుగు నెలల్లో 'దత్తతకు చట్టరీత్యా స్వేచ్ఛ ఉన్న బిడ్డ'గా సమితి ప్రకటిస్తుంది. తల్లే వచ్చి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు అరవై రోజుల గడువు ఉంటుంది. ఆమె పేరు బయటపెట్టరు. పెళ్ళి కాకుండా తల్లి అయిన పిల్ల అర్ధరాత్రి ఏ తుప్పల్లోనో బిడ్డను వదిలేయనక్కర లేదు, ఇలా ఒక తలుపు ఉంది. ఈ సంగతి ఊళ్ళలోని ఆశా కార్యకర్తలూ అంగన్‌వాడీ టీచర్లూ అందరికీ చెబితే ఎన్ని ప్రాణాలు దక్కుతాయో.

తీసుకోవాలనుకున్నవాళ్ళు కారా వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటారు. దంపతులైతే పెళ్ళయి రెండేళ్ళు దాటి ఉండాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి. వయసుకు లెక్క ఉంది. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు, ఒంటరివారికి 40 దాటకూడదు. బిడ్డ వయసు పెరిగేకొద్దీ ఈ హద్దు పెరిగి, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు 110, 55 అవుతుంది. బిడ్డకూ పెద్దలకూ మధ్య కనీసం ఇరవై అయిదేళ్ళ తేడా ఉండాలి. ఒంటరి స్త్రీ ఎవరినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇద్దరు పిల్లలున్నవాళ్ళకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఇల్లు దొరకడం కష్టమైన పిల్లలను మాత్రమే చూపిస్తారు.

తర్వాత సామాజిక కార్యకర్త ఇంటికి వస్తారు. దీన్నే హోమ్ స్టడీ అంటారు. చాలామంది దీన్ని పెళ్ళిచూపుల్లా భావించి ఇల్లు సర్దుతారు, కొత్త దుప్పట్లు పరుస్తారు. చూసేది దుప్పట్లను కాదు. ఎందుకు కావాలనుకుంటున్నారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటున్నారు, బిడ్డకు నిజం చెబుతారా, పుట్టని బిడ్డ గురించిన దుఃఖం తీరిందా, ఇవీ అడిగేవి. అత్తగారు వంటింట్లోంచే 'మన రక్తం కాదు కదా' అంటే ఆ మాట రిపోర్టులోకి రావాల్సిందే. ఆ నివేదిక మూడేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత వరస. వంతు వచ్చినప్పుడు ఒక బిడ్డ ఫొటో, వైద్య నివేదిక తెరమీదికి వస్తాయి. దీనికి రిఫరల్ అని పేరు. నలభై ఎనిమిది గంటల్లో సరే అనాలి. శిశుగృహకు వెళ్ళి బిడ్డను చూసి, కావాలంటే సొంత డాక్టరుకు చూపించుకుని ఒప్పుకుంటే, పది రోజుల్లోపు బిడ్డ ఇంటికి వస్తుంది. అప్పటికది దత్తతకు ముందు సంరక్షణే. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు కాదు, జిల్లా కలెక్టరు ఇస్తున్నారు, రెండు నెలల లోపు ఇవ్వాలి. తర్వాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి ఎవరో ఒకరు వచ్చి బిడ్డ ఎలా ఉందో చూసి వెళతారు. ఫీజులన్నీ కలిపినా లక్ష దాటవు. అంతకు మించి ఎవరైనా అడిగితే అది దత్తత కాదని వెంటనే తెలుసుకోవాలి.

వినడానికి చక్కగా ఉన్న ఈ దారిలో చిక్కు ఎక్కడుంది? క్యూలో. వరసలో ఉన్నవాళ్ళు 30,000 దాటారు. మామూలుగా మూడు, మూడున్నర ఏళ్ళు పడుతోంది. దేశం మొత్తంలో 2010-11లో 6,321 దత్తతలు జరిగితే 2021-22లో 3,405 మాత్రమే జరిగాయి. 2024-25లో కొంచెం కోలుకుని 4,515కు చేరాయి, వాటిలో 4,155 దేశంలోపలివే. అనాథాశ్రమాల్లో ఇంతమంది పిల్లలుండగా మాకెందుకు ఇవ్వరని అందరూ అడిగే ప్రశ్న. నిజమే, హోముల నిండా పిల్లలున్నారు. కాని వాళ్ళలో చాలామందికి ఎవరో ఒకరున్నారు. కూలికి పోయే తల్లి ఉంటుంది, జైల్లో తండ్రి ఉంటాడు, పండక్కి వచ్చి చూసే మేనమామ ఉంటాడు. తండాల అనుభవం మరిచిపోతే తప్ప ఆ పిల్లలను మంచి ఇళ్ళకు ఇచ్చేయమని అడగలేం. ఇంకొందరు పిల్లలు, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల, సమితి ముందుకు తీసుకుపోకపోవడం వల్ల దత్తతకు రాకుండా ఉండిపోతారు. అలాంటివాళ్ళను రెండు నెలలకోసారి గుర్తించాలని, ప్రతి జిల్లాలో దత్తత సంస్థ ఉండాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది నిజంగా అమలైతే క్యూ కదులుతుంది.

చట్టరీత్యా సిద్ధంగా ఉన్న పిల్లలు ఎప్పుడు చూసినా రెండు మూడు వేల మధ్యే ఉంటారు. వాళ్ళలో చాలామంది పెద్దపిల్లలు, అన్నాచెల్లెళ్ళు కలిసి ఉన్నవాళ్ళు, ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉన్నవాళ్ళు. వరసలో ఉన్నవాళ్ళు అడిగేది రెండేళ్ళ లోపు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ. పేర్లు నమోదు చేసుకున్నవాళ్ళు తమ షరతు కొంచెం సడలిస్తే, ఏడేళ్ళ పిల్లను ఇంటికి తెచ్చుకోగల ధైర్యం వస్తే, వాళ్ళ నిరీక్షణ నెలల్లోకి తగ్గుతుంది. ఇక్కడ ఒక మంచిమాట చెప్పాలి. దేశంలో మగపిల్లల కంటే ఆడపిల్లలనే ఎక్కువగా దత్తు తీసుకుంటున్నారు. కొడుకు కోసమే మొదలైన ఆచారం ఇక్కడికి వచ్చింది.

ఆగలేనివాళ్ళు అడ్డదారి పడతారు. 2024 మేలో రాచకొండ పోలీసులు మేడిపల్లిలో పట్టుకున్న కేసు చాలామంది చదివే ఉంటారు. ఢిల్లీ, పుణె వైపు నుంచి పసిపిల్లలను తెచ్చి మన రెండు రాష్ట్రాల్లో లక్షలకు అమ్మారు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది పిల్లలు లేని మామూలు దంపతులు. పోలీసులు వచ్చి పిల్లలను తీసుకుని శిశుగృహల్లో పెట్టారు. నెలల పాటు గుండెల మీద పెరిగిన పిల్లలు. కోర్టుల చుట్టూ తిరిగిన నాలుగు జంటలకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లలను తిరిగి అప్పగించమంది. ఆ ఊరట చూసి మిగతావాళ్ళకూ ఇలాగే జరుగుతుందనుకోవడం ప్రమాదం. పద్ధతి తప్పి బిడ్డను ఇవ్వడానికైనా పుచ్చుకోవడానికైనా మూడేళ్ళ దాకా, కొనుగోలుకు అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. ఆసుపత్రి వాళ్ళ చేయి ఉంటే ఏడేళ్ళ దాకా. ఆ దంపతుల మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. కాని ఎక్కడో ఢిల్లీ ఆసుపత్రిలో మెలకువ వచ్చి పక్కన తడుముకున్న తల్లి ఉందేమో అన్న ఆలోచన వస్తే ఆ జాలి కూడా ఆగిపోతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఒక మాట. ప్రవాస భారతీయులు కారా వరసలో ఇక్కడివారితో సమానమే. కాని అన్న కూతుర్ని ఇక్కడ రిజిస్ట్రారు ఆఫీసులో దత్తు తీసుకుని నేరుగా అమెరికా తీసుకుపోదామంటే కుదరదు. మన దేశం 2003లో విదేశీ దత్తతల మీది హేగ్ ఒప్పందంలో చేరింది. అక్కడి ఏజెన్సీ అంచనా, ఇక్కడ కారా అనుమతి లేకుండా పిల్లకు వీసా రాదు. పదహారేళ్ళు నిండకముందే ఆ దేశపు దరఖాస్తు పెట్టాలి. పత్రం రాసుకునే ముందే అక్కడి పద్ధతి కనుక్కోకపోతే, ఇక్కడ తల్లిదండ్రులు కాకుండా పోయినవాళ్ళ దగ్గరే ఆ పిల్ల మళ్ళీ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

చివరికి మిగిలేది ఇంట్లో జరిగే సంగతి. బిడ్డకు ఎప్పుడు చెప్పాలి? మన ఇళ్ళలో దీన్ని రహస్యంగా ఉంచడమే ప్రేమ అనుకుంటారు. ఊరు మారతారు, కడుపుతో ఉన్నట్టు నటించినవాళ్ళూ ఉన్నారు. తర్వాత పెళ్ళి ఇంట్లోనో శ్రాద్ధం రోజునో ఒక దూరపు చుట్టం నోరు జారుతుంది. పదహారేళ్ళ పిల్లకు ఆ మాట కంటే, అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియలేదన్నది ఎక్కువ గుచ్చుకుంటుంది. మాటలు రాని వయసు నుంచే జోలపాటలాగా, కథలాగా చెబుతూ ఉంటే అది వార్త కాకుండా పోతుంది. యశోదమ్మ కథ చెప్పడానికి మనం ఏనాడూ తడుముకోలేదు. కణ్వుడి ఇంట పెరిగిన శకుంతలను మన పిల్లలకు సిగ్గుపడుతూ చెప్పలేదు.

బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండాక తన మూలాలు తెలుసుకోవాలని దత్తత సంస్థకు రాస్తే, నిబంధనల మేరకు సంస్థ సాయం చేయాలి. తల్లి పేరు చెప్పడానికి ఆ తల్లి ఒప్పుకోవాలి. అయినా ఫైలులో కొన్ని సంగతులు ఉంటాయి. ఏ రోజున, ఎక్కడ, ఏ స్థితిలో దొరికిందో, ఎవరు ఎత్తుకొచ్చారో, ఆ రోజు ఎంత బరువుందో. మేడిపల్లి కేసులో చేతులు మారిన పిల్లలకు అలాంటి ఫైలు లేదు. పెరిగి పెద్దయి అడిగితే చూపించడానికి దళారీ ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ మిగలదు.